పురుగు కాని పురుగు

పాముల పొలుసులు లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఈ మాట వినగానే నాచారంలో మా వీధివాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి వేస్తారు. పాలప్యాకెట్లు వేసే అతను ఇప్పటికీ సంచీ గేటుకు తగిలించి పోతాడు తప్ప చేతికివ్వడు. అవి చచ్చిన పాములు నాయనా, సీసాల్లో స్పిరిట్‌లో మునిగి ఉంటాయి, నా వెంట ఇంటికి రావు అని ఎన్నిసార్లు చెప్పానో. నమ్మడు.

ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ ల్యాబులో ఈ పని ఇరవై మూడేళ్లుగా చేస్తున్నాను. దేశం నలుమూలల నుంచీ పాములు సీసాల్లో వస్తాయి. అది ఏ జాతో తేల్చి, చీటీ రాసి, అల్మారాలో పెట్టాలి. రంగు చూసి చెప్పెయ్యొచ్చు కదా అంటారు చాలామంది. రంగును నమ్మితే మునిగామే. పాము రంగు గోడకు వేసిన సున్నంలాంటిది. ఎండకు వెలుస్తుంది, స్పిరిట్‌లో పడితే ఇంకా వెలుస్తుంది. పొలుసులు అలా కాదు. గుడ్డు లోంచి బయటికొచ్చిన రోజున ఎన్ని ఉన్నాయో చచ్చేదాకా అన్నే ఉంటాయి.

అందుకని పొట్ట కింద అడ్డంగా ఉండే వెడల్పాటి పొలుసుల్ని గొంతు దగ్గర్నుంచి తోక మొదలు దాకా లెక్కపెడతాం. పదింటికొక గుండుసూది గుచ్చుతాం, మధ్యలో ఫోను మోగినా లెక్క పోకుండా. వీపు మీద ఎన్ని వరసలున్నాయో మెడ దగ్గర, నడుం దగ్గర, తోకకు ముందు మూడుసార్లు చూస్తాం. పై పెదవి మీద ఎన్ని పొలుసులు, వాటిలో ఏది కంటికి తగులుతోంది, అదీ చూస్తాం. ఇదంతా రెండు పక్కలా చెయ్యాలి. ఎడమ పక్క చూసి, కుడి పక్కా అంతేలే అనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అందరికీ చెబుతాడు. లెక్క మాత్రం తప్పదని ఆయనే మళ్లీ ఒప్పుకుంటాడు.

నా లెక్కల మీద ఇన్నేళ్లలో చాలా పేపర్లు వచ్చాయి. పేపరు పైన పెద్దవాళ్ల పేర్లుంటాయి. చివర్లో కృతజ్ఞతలని ఒక పేరా ఉంటుంది, అందులో జీపు డ్రైవరుకు కాస్త ముందు నా పేరుంటుంది. దానికి బాధపడలేదంటే అబద్ధం. ప్రతిసారీ బాధపడ్డాను. పడి, మర్నాడు మళ్లీ గుండుసూదుల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను.

రెండేళ్ల కిందట మా విభాగం పెద్ద, మేం సార్ అని పిలిచే ఆయన, రాజస్థాన్ ఎడారి నుంచి ఒక పామును తెచ్చారు. రోడ్డు దాటుతూ ఏదో బండి కింద పడ్డది. తోక దగ్గర నలిగింది కానీ తల, నడుం చెక్కుచెదరలేదు. బొటనవేలంత లావు, రెండు మూరలు దాటిన పొడుగు. ఇసుక రంగు ఒళ్లు, వీపు మీద వెలిసిపోయిన గోధుమరంగు మచ్చలు. సార్ దారిలోనే దానికి తెలిసిన పాము పేరొకటి పెన్సిల్‌తో రాసేసి, చూసి పెట్టమని నా బల్ల మీద పెట్టారు.

చూశాను. సార్ రాసిన జాతికి నడుం దగ్గర ఇరవై ఒక్క వరసలుండాలి, దీనికి పందొమ్మిదే ఉన్నాయి. ఆ జాతికి పెదవి పొలుసులకూ కంటికీ మధ్యన చిన్న పొలుసుల వరస అడ్డముంటుంది, దీనికి పెదవి పొలుసు నేరుగా వెళ్లి కంటిని తాకుతోంది. రెండు పక్కలా అంతే. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ ఒకటే వచ్చింది. నాలుగోసారి లెక్కపెట్టేవాళ్లకు తమ మీద నమ్మకం లేదని నా అభిప్రాయం. లేచి సార్ గదికి వెళ్లాను.

"ఇది మీరు రాసినది కాదు సార్. ఇంతవరకూ ఎవరూ రాసినదీ కాదు" అన్నాను.

సార్ కళ్లజోడు తీశారు. "ఎడారి ఎండ కదమ్మా, కొంచెం తేడాగా కనిపిస్తుంది."

"ఎండకు రంగు మారుతుంది సార్. వరసలు మారవు."

"నీది మరీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే బాపతు."

"మీరే వచ్చి కాళ్లు లెక్కపెట్టండి సార్" అన్నాను. వచ్చారు. మైక్రోస్కోప్ మీద అరగంట వంగి కూర్చున్నారు. చిన్న కండముక్క కోయించి డీఎన్ఏ పరీక్షకు పంపించారు. కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. తెలిసిన జాతికి ఇది దగ్గరి చుట్టమే కానీ ఒకే ఇంటిది కాదని తేలింది. సార్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "నువ్వే రాయమ్మా. మొదటి పేరు నీదే" అన్నారు. ఆ సాయంత్రం నాచారం దాకా ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వెళ్లాను. ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఆరు నెలలు కూర్చుని పేపరు రాశాం, పంపాం. పత్రికవాళ్లు దాన్ని ఈ పని తెలిసిన ఇంకొకాయనకు చూపించి ఆ అభిప్రాయం మాకు పంపారు. పని శ్రద్ధగా ఉందని మొదట మెచ్చుకున్నాడాయన. ఆ తర్వాత, ఒక్క పామును చూసి కొత్త జాతి అనలేమనీ, ఇది పుట్టుకలో తేడా వచ్చిన పామైనా కావచ్చనీ, పత్రిక గడువు మూడు నెలలు కాబట్టి ఈలోగా ఇంకొకటి చూపించమనీ, లేదంటే పేపరు వెనక్కి తీసుకొమ్మనీ రాశాడు. చదివి నాకు ఒళ్లు మండింది. మర్నాటికి చల్లారాక చూస్తే ఆయన చెప్పింది న్యాయమే. ఆరువేళ్లతో పుట్టిన పిల్లవాణ్ని చూసి ఆరువేళ్ల మనుషుల జాతి ఒకటుందని రాయలేం కదా.

రెండో పాము ఎక్కణ్నుంచి తేవాలి? ఎడారికి వెళ్లే అనుమతి కాగితాల గడువు అయిపోయింది. కొత్తవి రావడానికి ఏడాది పడుతుంది. పాముల సీసాలున్న ప్రతి చోటికీ ఉత్తరాలు రాశాను, ఫొటోలు తెప్పించుకుని చూశాను. ఏదీ కాదు. రెండు నెలలు గడిచాయి. అయినా ఆ పాము మీద నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. దాని సాక్షి ఎక్కడో ఉంది, నాకు దొరకడం లేదు, అంతే అనుకున్నాను. నా పేరు మళ్లీ ఆ చివరి పేరాలోకి జారిపోతుందేమోనన్న గుబులు మాత్రం అన్నం దగ్గర కూడా వదల్లేదు.

ఆ రోజుల్లోనే మా ల్యాబులోని పురుగుల గదిలో గోడ చెమ్మగిల్లిందని అక్కడి అల్మారాలు పక్క గదికి మార్చారు. ఆ గది చూసుకునే అతను వరంగల్ వైపు మనిషి, నవ్వకుండా హాస్యమాడతాడు. ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"మేడం, మీ చుట్టమొకరు మా ఇంట్ల ఉన్నరు. ఎన్నేండ్లాయెనో ఏమో. వచ్చి తీస్కపోండ్రి."

వెళ్లాను. బల్ల మీద ముదురు గోధుమరంగు సీసా ఉంది. వెడల్పు మూతి, చుట్టూ కట్టిన పాతగుడ్డ సగం విప్పి ఉంది. పురుగుల్లో చాలావాటిని సూదికి గుచ్చి పెట్టెల్లో ఎండబెట్టి ఉంచుతారు. సీసాల జోలికి వాళ్లు ఎక్కువగా పోరు. కింది అరలో వెనకాల పడి ఉందట. మూత తీసి లోపలికి చూశాను. ఇసుకరంగు పాము, చుట్టలు చుట్టుకుని ఉంది. కన్ను పైకే ఉంది. మైక్రోస్కోప్ దాకా వెళ్లక ముందే, భూతద్దంలో, పెదవి పొలుసు కంటిని తాకడం కనిపించింది.

ఆ సీసాను చంటిపిల్లను మోసినట్టు రెండు చేతులా పట్టుకుని మా గదికి తెచ్చాను. గుండుసూదులు గుచ్చాను. నడుం దగ్గర పందొమ్మిది. ఎడమ కన్ను, కుడి కన్ను రెండూ ఒకటే. కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. సార్ పరిగెత్తుకొచ్చారు, నన్ను ఏదైనా కరిచిందేమోనని.

చూసి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపటికి అసలు ప్రశ్న అడిగారు. "ఎక్కడిదమ్మా ఇది? ఎవరు పట్టారు?"

ఎక్కడ దొరికిందో తెలియని పాము మా పనిలో సగం పామే. ఊరు తెలియకపోతే రెండో సాక్షిగా నిలబెట్టలేం. సీసా మీది కాగితం చూశాను. పురుగుల వరసలో వేసిన నంబరు, దాని కింద "ఎడారి పురుగు, 1" అని ఉంది. రాత నాదే. కంప్యూటర్ తెరిచాను. దొరికిన చోటు: రాజస్థాన్. పట్టినవారు: ఖాళీ. నమోదు చేసినవారు: నేను.

అప్పుడు గుర్తొచ్చింది.

నేను చేరిన మూడో ఏడు అది. పెళ్లయి గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చి ఎంతో కాలం కాలేదు. చదువు కొత్త, కంప్యూటర్ కొత్త, పొగరు మాత్రం పాతదే. అప్పటి పెద్ద సారు, ఇప్పుడు లేరు, ఎడారికి వెళ్లి ఒక పెట్టె నిండా సీసాలు తెచ్చారు. ఆయనతో వెళ్లింది మా అటెండర్. నారపల్లి మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. పాముల్ని చేత్తో పట్టేవాడు, సీసాల్లో సర్దేవాడు, ప్రతి సీసాకూ ఒక చీటీ రాసి కట్టేవాడు. అగ్గిపెట్టె అట్టంత చీటీ, రెండు పక్కలా పెన్సిల్‌తో చీమలబారులాంటి తెలుగు రాత. నేను జాబితా టైపు చేస్తుంటే ఆయన నిలబడి ఒక్కో చీటీ విప్పి నాకిస్తున్నాడు. ఒక చీటీ మీద "ఎడారి పురుగు" అని ఉంది. పురుగుల వరసలో నంబరు వేసి, ఆ సీసా పురుగుల గదిలో ఇచ్చి రమ్మన్నాను.

ఆయన కదల్లేదు. "మేడం, గది పురుగు గాదు" అన్నాడు.

"మరేంటయ్యా?"

"పురుగు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పురుగు కాని పురుగేంటి? నాతో వేళాకోళమా?"

"గా పురుగు గాదు మేడం. పురుగు" అన్నాడు మళ్లీ, రెండో పురుగును కొంచెం ఒత్తి.

ఆయన పాము అన్న మాట నోటితో అనేవాడు కాదు. రోజంతా వాటి మధ్యనే మసిలేవాడు కనుక అదొక నియమంగా పెట్టుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందని ఆయన నమ్మకం. ఇదేమీ నాకు తెలియని సంగతి కాదు. మా ఊళ్లోనూ దీపాలు పెట్టాక ఆ పేరెత్తరు. పురుగు తిరుగుతోంది, చూసి అడుగెయ్యమని మా అమ్మమ్మ వందసార్లు అనుంటుంది. కానీ ఆఫీసు గుమ్మం దాటగానే నా చెవులు ఇంగ్లీషువి అయిపోయాయి. పురుగంటే ఆరు కాళ్లదే తట్టింది. గుడ్డ విప్పి సీసాలోకి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

"చెప్పింది చెయ్యి. ఇక మీదట చీటీల మీద కథలు రాయకు. నేనిచ్చిన నంబరు వెయ్యి, చాలు" అన్నాను. గదిలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్లు నవ్వారు. కంప్యూటర్‌లోకి ఎక్కాక చీటీలెందుకని ఆ సాయంత్రమే అన్నీ చించి బుట్టలో వేశాను. ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఇదంతా సార్‌కు దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "ఆ ట్రిప్పులో మకాం ఎక్కడో ఫైల్లో ఉంటుందిగా. ఆ ఊరి పేరు రాసేద్దాం. ఎవరడుగుతారు?"

"పొలుసులు ఒకటి అటూ ఇటూగా రాస్తే ఊరుకుంటారా సార్?" అన్నాను. గడువుకు ఇరవై రోజులుంది. పింఛను కాగితాల్లోంచి అటెండర్ చిరునామా తీసుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

ఉప్పల్ రింగ్‌రోడ్డులో ఘట్‌కేసర్ బస్సెక్కాను. వంతెన స్తంభాల పక్కనుంచి బస్సు ఈడుస్తూ పోతుంటే, ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచించాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయింది. వీడ్కోలు రోజున అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, దండ వేసింది మాత్రం వేరేవాళ్లు. నారపల్లిలో దిగి అడిగితే, వెంచర్ కమాను దాటి లోపలికి వెళ్లమన్నారు. ఒకప్పటి చేలలో ఇప్పుడు హద్దురాళ్లు, కొత్త ఇళ్లు ఉన్నాయి. వాటి చివర పాత పెంకుటిల్లు ఆయనది. వాకిట్లో గోడకు ఇనుప కొక్కెం కట్టిన పొడుగాటి కర్ర ఆనించి ఉంది. కొత్త ఇళ్లలోకి పాము వస్తే ఈయన్నే పిలుస్తారట.

ఆయన భార్య నన్ను చూసి లోపలికి కేకేసింది. "ఆఫీసుల మేడం వచ్చింది, సూడు." ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కుర్చీ వేశాడు, తాను అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంది మేడం, గింత దూరం?"

ఫోన్‌లో సీసా ఫొటో చూపించాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"గిప్పుడు దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. ఆ రోజు తప్పు నాది అన్నా." ఆయన్ని నేను అన్నా అనడం అదే మొదటిసారి. "సీసా విప్పి చూడకుండా పురుగుల గదికి పంపాను. నలుగురిలో నిన్ను మాటన్నాను. చీటీ చించేశాను. ఇప్పుడు అది ఎక్కడ దొరికిందో నీకు తప్ప ఎవరికీ తెలియదు."

భార్య టీ తెచ్చింది. ఆయన సాసర్‌లో పోసుకుని తాగి, సాసర్ కింద పెట్టాక చెప్పాడు.

"మకాం కాడ దొర్కలే గది. మకాం దిక్కంతా రాళ్లు. ఆడికెల్లి ఉత్తరం దిక్కు మస్తు దూరం పోయినంక జీపు టైరు పంచరైంది. పెద్దసారు, డ్రైవరు టైరు కాడున్నరు. పొద్దుగాల, ఎండ ఇంక ముదర్లే. ఒంటెలు నీళ్లు దాగే సిమెంటు తొట్టి ఉన్నది. దాని పక్కకు ఎండిన ముండ్లకంప. గా కంప కింద పండుకున్నది. ఊరి పేరేందని ఒంటెలు దోల్కపోయే ముసలాయిన్ని అడిగిన. మూడుసార్లు జెప్పిండు, నాకు సమజ్ గాలే. ఇసుకల వేలువెట్టి రాసిండు."

ఊరి పేరు చెప్పాడు. ఇక్కడ రాయను, పాముల్ని పట్టి అమ్మేవాళ్లు కూడా చదువుతారు. ఫోన్‌లో మ్యాపు తెరిచి వెతికాను. ఉంది. ఊరవతల రోడ్డు పక్కన తొట్టి కూడా తెల్లగా చదరంగా కనిపించింది. సార్‌కు మొదటి పాము దొరికిన రోడ్డు అక్కడికి దగ్గరే. మకాం ఊరు దానికి పూర్తిగా మరో వైపున ఉంది. సార్ మాట విని ఉంటే ఇసుకపామును రాళ్లగుట్ట మీద కూర్చోబెట్టి ఉండేవాళ్లం.

"ఇన్నేళ్లకు ఇంత బాగా ఎలా గుర్తుందన్నా?"

"గసొంటిది నేను మునుపు సూడలే, మల్ల సూడలే. గది కొత్తదని నాకు గప్పుడే ఎరుక."

టీ గ్లాసు కింద పెట్టేశాను. "ఎరుకైతే అప్పుడే చెప్పాలి కదా!"

"చీటి మీద రాసిన గద మేడం, ఎనక పక్కకు. కండ్ల కాడ తేడా ఉన్నది, మనకాడ ఉన్నదాని లెక్క లేదు, జర సూడుండ్రి అని. ఊరి పేరు గూడ ఆడ్నే రాసిన." ఆయన గొంతులో కోపం లేదు. "మీరు తిప్పి సూడలే."

నేను మైక్రోస్కోప్ కింద చూసి, డీఎన్ఏ రిపోర్టు తెప్పించుకుని, సార్‌తో వాదించి గెలిచిన సంగతిని ఈయన ఇరవై ఏళ్ల కిందటే, ముళ్లకంప పక్కన నిలబడి ఉత్త కళ్లతో చూశాడు. చూసి రాసి నా చేతికిచ్చాడు. పామును రెండు పక్కలా చూడనివాళ్లు పనికిరారని కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పే నేను, ఆ చీటీని తిప్పలేదు.

"మిగతా సీసాలకు కూడా అలాగే రాసేవాడివా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కనుక.

"గంతకు ముందు రాసెటోన్ని. గా దినం సంది రాయలే. మీరిచ్చిన నెంబరే ఏసిన."

"రిటైరయ్యేదాకానా?"

"గట్లనే జెప్తిరి గద." అని, నేనేదో తప్పుగా అనుకుంటానేమోనని కాబోలు, "ఫికర్ జెయ్యకుండ్రి. అయ్యిందేదో అయ్యింది" అన్నాడు.

తిరుగు బస్సులో ఉప్పల్ దాకా ఒకటే ఆలోచన. పేపరు మీద మొదటి పేరు ఆయనది పెట్టాలా? న్యాయంగా చూస్తే మొదట చూసింది ఆయనే. కానీ మొదటి పేరు ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను. ఆ లెక్కలు నావి, పోట్లాట నాది, రాసింది నేను. ఇరవై రెండేళ్లు ఎదురుచూశాను. నా పేరు మొదట, ఆయనది రెండోది, సార్‌ది చివర అని నిర్ణయించుకుని బస్సు దిగాను. అందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు.

సార్ విని, "అటెండర్ పేరా? పేపరు మీదా?" అన్నారు. "కృతజ్ఞతల్లో వేద్దాంలే అమ్మా."

"ఆ పేరాలో ఇరవై రెండేళ్లు ఉన్నాను సార్. అక్కడ ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. సార్ నన్ను అలా చూసి, తలూపారు.

రెండో పాము ఇరవై ఏళ్లు పురుగుల అల్మారాలో ఎందుకుందో, దాని చీటీ ఏమైందో, ఊరి పేరు ఎవరి జ్ఞాపకంలోంచి వచ్చిందో పేపర్లో ఉన్నదున్నట్టు రాశాను. తప్పు మొదటి రచయితదని కూడా రాశాను. ఆ వాక్యం తీసెయ్యమని ఎవరూ అడగలేదు. గడువుకు నాలుగు రోజుల ముందు పంపాం. రెండు నెలలకు జవాబు వచ్చింది, కొత్త జాతి అని ఒప్పుకుంటూ. ఆ మెయిల్ నేను హబ్సిగూడ మెట్రో మెట్ల మీద నిలబడి చదివాను. ఎంత సంతోషమైందంటే, మెట్లెక్కుతున్న ఎవరో తెలియని ఆవిడకు కూడా చెప్పాను. పాము అనగానే ఆవిడ గబగబా ఎక్కేసింది.

అచ్చయిన కాగితం పట్టుకుని నారపల్లి వెళ్లాను. ఇంగ్లీషులో తన పేరు ఆయన ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. భార్యను పిలిచి చూపించాడు. ఆ పురుగుకేం పేరు పెట్టారని మాత్రం అడగలేదు. నేనే, "పాత సీసాలు నంబర్లతోనే ఉండిపోయాయన్నా. ఒకసారి వచ్చి చూస్తావా, ఏమైనా గుర్తొస్తే రాసుకుంటాను" అన్నాను. ఆ గురువారమే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

ఆ తగాదా తర్వాత ఆయన సర్దిన సీసాలు ఒక గోడ పొడుగునా ఉన్నాయి. ప్రతిదాని మీదా ఆయన చేత్తో రాసిన నంబరు ముత్యంలా ఉంది, ఇంకేమీ లేదు. మొదటి సీసా తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు. తిప్పి తిప్పి చూశాడు. నేను కలం పట్టుకుని ఎదురుచూశాను.

"యాదికొస్తలేదు చెల్లె" అన్నాడు, తప్పు తనదన్నట్టు.

రెండోదీ గుర్తు రాలేదు. మూడోది ఏదో కాలవగట్టు అన్నాడు, ఏ ఊరి కాలవో తెలియలేదు. నాలుగోదానికి ఊరు, వాన, ఏ చేత్తో పట్టాడో అన్నీ చెప్పాడు. మొత్తం రాసుకున్నాను, రెండు పక్కలా. సాయంత్రానికి ఒక అర పూర్తయింది. గుర్తురానివే ఎక్కువ. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. గుర్తురాని ప్రతి సీసాకూ దొరికిన చోటు దగ్గర తెలియదు అని రాయాలి, పక్కనే కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. చీటీ పోయిందని రాయొచ్చు, అందరూ అలాగే రాస్తారు. ఆ సీసాలకు అసలు చీటీలే లేవు. ఆ గడిలో వరసగా, పై నుంచి కింది దాకా, "అడగలేదు" అని రాసి ఒక్కోదాని పక్కనా నా సంతకం పెట్టాను.